బంతికి ఇల్లు

చుక్క పడుతోంది. కాస్త ఆగి ఇంకో చుక్క. మెడికల్ షాపులో కొన్న సెలైన్ గొట్టం ఇది, ఒక కొస అద్దాల తొట్టిలో ముంచాను, రెండో కొస కింద బకెట్లోకి వదిలాను, మధ్యలో ఉన్న చిన్న చక్రం ఇటు తిప్పితే చుక్కలు జోరందుకుంటాయి, అటు తిప్పితే నెమ్మదిస్తాయి, ఈ చక్రం తిప్పడం నాకు ఏ నర్సూ నేర్పక్కర్లేదు, పాపాయి మంచం పక్కన కూర్చుని ఎన్నిసార్లు తిప్పానో. బకెట్ అడుగున వాడిపోయిన మందారంలా ముడుచుకుని ఉంది అది. తెల్లవారుతూనే చెన్నై రైల్లో వచ్చింది, థర్మోకోల్ పెట్టెలో, పెట్టెలో సంచీలో, సంచీలో కాసిని నీళ్ళలో, దారంతా చీకట్లో ప్రయాణం చేసి. బావ స్టేషన్‌కి వెళ్ళి తెచ్చి నా చేతుల్లో పెట్టి, తొట్టి వైపు చూడకుండా, మంచం వైపు అసలే చూడకుండా, చెరువు దగ్గర రొయ్యల పట్టుబడి ఉందని వెళ్ళిపోయాడు. దీని పేరు ఎనిమోన్. సముద్రంలో రాయిని కరుచుకుని బతుకుతుంది, చూస్తే పువ్వు, నిజానికి జంతువు, ఒంటినిండా వేళ్ళే. మా పాపాయి ఆ పేరుతో పిలవదు, ఇల్లు అంటుంది. బంతి అంటే తొట్టిలో చేప, బంతికి ఇల్లు ఎప్పుడొస్తుందమ్మా అంటుంది. వచ్చింది తల్లీ, నువ్వు లేచేసరికి తొట్టిలో ఉంటుంది, ఈ ఒక్క గంట ఆగు, నిద్రపో. రాత్రి దగ్గుతో నిద్రలేదు దానికి, ఇప్పుడు పొద్దెక్కాక పడుకుంది, హాల్లో తొట్టి పక్కనే దాని మంచం, నిద్రలో కూడా మొహం అటే తిప్పించుకుంది. తనంతట తను తిప్పుకోలేదిప్పుడు, తిప్పమ్మా అంటే తిప్పాను.

తొందరపడకండి మేడం, గంటసేపు అలా చుక్కచుక్కగా కలపండి, మీ నీళ్ళు దానికి అలవాటవ్వాలి అన్నాడు కిరణ్. అతన్ని నేనెప్పుడూ చూడలేదు, చెన్నైలో ఉప్పునీటి చేపల కొట్టు, తెలుగువాడే, ఫోన్లో మాత్రం పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా అన్నీ అడుగుతాడు. తొట్టి పెట్టి ఎన్నాళ్ళయింది, లైటు ఎలాంటిది, నీళ్ళలో ఉప్పు ఎంత ఉంది, లోపల ఇంకేమున్నాయి, మోటారుకి జాలీ కట్టారా, ఎప్పుడైనా కాపర్ మందు వాడారా. అబ్బే, అలాంటివేం వాడలేదండీ అన్నాను గట్టిగా. మరి మొదటిది ఎందుకు పోయిందో అతనికీ అంతుపట్టలేదు. మొదటిది వానాకాలంలో తెప్పించాను, తివాచీలా పరుచుకునే రకం, ఫోటోలో బాగుందని నేనే ముచ్చటపడ్డాను. రాయిని పట్టుకోలేదు. రెండు రోజులు అటూ ఇటూ దొర్లి, నోరు తెరుచుకుని, ఒళ్ళు కరిగి, జిగురుగా అయిపోయింది. గరిటెతో తీసి పెరట్లో కొబ్బరిచెట్టు కింద పూడ్చాను పాపాయి చూడకుండా. రకం కుదరలేదు మేడం, ఆ రకం చిన్న చేపల్ని తినేస్తుంది కూడా, పోవడమే మంచిదైంది అన్నాడు కిరణ్. అప్పట్నుంచి నేను చదవని రాత లేదు, చూడని వీడియో లేదు. ఒక పట్టిక ఉంటుంది, అడ్డంగా చేపలు, నిలువుగా ఎనిమోన్లు, ఎవరికి ఎవరు నప్పుతారో గడిలో టిక్కు. మా బంతికీ చామంతికీ చాలా గడులు ఖాళీ. నారింజ రంగు ఒళ్ళు, తెల్ల పట్టీలు, తొట్టిలో పుట్టి తొట్టిలో పెరిగిన జంట, వీటికి బబుల్ టిప్ అనే రకమే మేలు, వేళ్ళ చివర బుడగలుంటాయి దానికి, త్వరగా కుదురుకుంటుంది, చేపని తినదు. పాపాయి కాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తూ, వేళ్ళు ఒక్కొక్కటీ సాగదీస్తూ ఆ పట్టిక కంఠతా పట్టేశాను. ఒకరోజు మధ్యలో నవ్వొచ్చింది నాకు, ఒక్కదాన్నే, ఎందుకంటే నా పెళ్ళికి ఇందులో పదోవంతు కూడా చూడలేదు ఎవరూ.

మేనరికానికి పొంతనలు చూడక్కర్లేదంటారు మా వైపు. చూడాల్సినవి బయట సంబంధానికి. సామర్లకోట నుంచి వచ్చిందొకటి, లెక్చరరుట, జాతకాలు ఇచ్చిపుచ్చుకున్నారు, అన్నీ కుదిరాయని పంతులుగారు చెప్పిన మర్నాడే మావయ్య దిగాడు, సంచీలో ఇంకా కొట్టుకుంటున్న కొర్రమీనులతో. మా అమ్మకి తమ్ముడు త్రిమూర్తులు మావయ్య. వీధరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకుని, లోపలికి కూడా రాకుండా అన్నాడు, "ఇంట్లో పిల్లని బయటికెందుకు పంపుతావే అక్కా? మా గణేష్‌కి ఏం తక్కువ? ఇంట్లో పిల్ల ఇంట్లోనే ఉంటుంది." అమ్మ కళ్ళొత్తుకుంది, సంతోషంతోనే. తలుపు చాటున నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను, కాళ్ళు నేల మీద లేవు. బావంటే నాకు ఇష్టం, చెరువుగట్టు మీద సైకిలు నేర్పినప్పట్నుంచీ ఇష్టం, ఆ లెక్చరరు మొహం ఎలా ఉంటుందో కూడా ఇప్పుడు గుర్తులేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అదే నా ఏడుపు. తిట్టిపోయడానికి ఒక్క దుర్మార్గుడైనా ఉంటే కాస్త ఊపిరాడేది, అందరూ మంచివాళ్ళే, అందరూ నా మంచి కోరినవాళ్ళే. పెళ్ళయ్యాక మావయ్యని నువ్వు అనడం మానేసి మీరు అనాల్సి వచ్చిందని నవ్వుకున్నాం, అంతకు మించి ఏ మార్పూ లేదు, అదే వంట, అదే దేవుడు, అదే ఆవకాయ, అత్తగారింటికి వెళ్ళినట్టే లేదే అని స్నేహితురాళ్ళు కుళ్ళుకున్నారు.

గొట్టంలో చిన్న గాలిబుడగ అడ్డం పడింది, వేలితో కొట్టాను, కదిలింది. సెలైన్ గొట్టంలో బుడగ వెళ్తే ప్రమాదమా సిస్టర్ అని మొదటిసారి హైదరాబాదులో కంగారుగా అడిగాను, ఆవిడ నవ్వింది. పాపాయికి అప్పుడు పది నెలలు, కూర్చోదు, బోర్లాపడదు, మెడ నిలబెట్టదు, కళ్ళు మాత్రం ప్రపంచాన్ని తినేసేటట్టు చూసేది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది, ఆడవాళ్ళకి గుండ్రాలు, మగవాళ్ళకి చదరాలు. మీ అమ్మ, మీ మావయ్య, మీరు, మీవారు, పాప. మొగుడూ పెళ్ళాల్ని కలపడానికి అందరికీ ఒక గీత గీస్తారట, మేనరికమైతే రెండు గీతలు. మా ఇద్దరి మధ్యా ఆవిడ రెండో గీత గీస్తుంటే పెన్ను కర్రుమంది. తాతగారి నుంచి ఒకే లోపం మీ అమ్మగారికీ మావగారికీ వచ్చింది, అక్కడ్నుంచి మీ ఇద్దరికీ, మీకేం కాదు, ఇద్దరి దగ్గర్నుంచీ వచ్చిన బిడ్డకే జబ్బు. నేను డిగ్రీలో జువాలజీ చదివాను. బఠాణీ మొక్కల లెక్కలు వేసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ చేపా ఎనిమోనూ కూడా ఆ పుస్తకంలోనే ఉండేవి, సహజీవనానికి ఉదాహరణ, రెండు మార్కుల ప్రశ్న, ఒకటి కాపాడుతుంది ఇంకోటి తిండి పెడుతుంది అని రాసి వచ్చేశాను. పుస్తకంలో ఉన్నది మనింట్లోకి వస్తుందని ఎవరనుకుంటారు. బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాం. నాన్నకి చెప్పొద్దు అన్నాడు బావ. సరే అన్నాను. నరాల బలహీనత అని చెప్పాం మావయ్యకి, అదే నమ్మాడు, ఇప్పటికీ ఎవరే నూనె చెప్పినా, ఎవరే కషాయం చెప్పినా తెస్తాడు. ఆ రెండో గీత సంగతి తెలిస్తే ఆయన బతకడు. మేం మాత్రం బతుకుతున్నాం, బావ చెరువు దగ్గర షెడ్డులో, నేను ఈ హాల్లో. ఒకరి మీద ఒకరికి కోపం లేదు, ఒకరినొకరు చూసుకుంటే ఆ బొమ్మ కనపడుతుంది, అంతే. రెండో బిడ్డ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చుక్క. బకెట్లో వేళ్ళు ఒకటో రెండో బయటికొచ్చాయి, బుడగలు కనిపిస్తున్నాయి, గోధుమరంగు మీద ఆకుపచ్చ. బాగుందే నువ్వు. భయపడకు, ఇది కూడా సముద్రమే, నిజం సముద్రం కాదనుకో, ప్యాకెట్ ఉప్పు, ఆర్వో నీళ్ళు, నేను కలిపింది. నిజం సముద్రం దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళాం పాపాయిని, ఉప్పాడ, పోయిన ఏడాది. పెళ్ళయిన కొత్తలో నేనూ బావా వెళ్ళిన చోటే, అప్పుడున్న ఇళ్ళు కొన్ని ఇప్పుడు లేవు, గోడ సగం నీళ్ళలో, మెట్లు గాల్లో, అలలు వచ్చి అడగకుండా తీసుకుపోతూనే ఉన్నాయి. ఒకావిడ తన వంటిల్లు ఉండే చోటు చూపించింది, అక్కడ నురగ తప్ప ఏం లేదు, నవ్వుతూనే చూపించింది, ఇంకేం చెయ్యాలి మరి. కారు తలుపు తీయగానే ఆ గాలికి పాపాయికి ఊపిరి అందలేదు, పెదాలు నల్లబడ్డాయి, తలుపు వేసేసి వెనక్కి తిప్పాం, రాళ్ళకట్ట అవతల సముద్రం దానికి కనపడనే లేదు. దారంతా అడిగింది, సముద్రం ఎక్కడమ్మా, అయిపోయిందా. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మావయ్యే అన్నాడు, సముద్రాన్నే ఇంటికి తెచ్చేస్తే పోలా అని. పిల్ల మాటంటే ఆయనకి శాసనం. అద్దాల తొట్టి ఆయన కొన్నదే, చెరువులో ఉప్పు చూసే మీటరు తెచ్చిచ్చిందీ ఆయనే, ఇంత తొట్టికి ఇన్ని హంగులా, మా రొయ్యల చెరువుకి కూడా లేవు అని ఆటపట్టించాడు. నా బిడ్డకి జుట్టు దువ్వి, కాటుక పెట్టి, మంచం వాల్చి ఆ అద్దం ముందుకి జరిపినరోజు అది నోరు తెరిచి చూసింది, తర్వాత నెమ్మదిగా, ఇది నాదేనా అంది.

దానిదే. చేపలకి పేర్లు అదే పెట్టింది, పెద్దది బంతి, చిన్నది చామంతి, బంతి ఎటుపోతే చామంతి అటే. టీవీలో ఎక్కడో చూసింది, ఇలాంటి చేపలు పువ్వులో పడుకుంటాయని. బంతికి ఇల్లు లేదు పాపం అని మొదలుపెట్టింది ఇక. పంపు పక్కన మూలలో రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయి, అది చూసి దీనికి దిగులు, దానికి చలేస్తుందా అమ్మా, దానికి భయమేస్తుందా. తన చేతులు దుప్పటి మీద నుంచి లేవడం మానేశాయి వానాకాలంలో, దాని గురించి ఒక్క మాట అనలేదు, బంతి గురించే అడుగుతుంది. చలికాలం జాగ్రత్త, ఊపిరితిత్తుల్లో కఫం చేరితే మన చేతుల్లో ఉండదు అన్నాడు భీమవరం డాక్టరు, నా మొహంలోకి చూడకుండా. కార్తీకమాసం వచ్చేసింది. తెల్లవారుజామున మంచు కురుస్తోంది. నాకు ఇంకేం అక్కర్లేదు, నడవొద్దు, పెరగొద్దు, బడికి వెళ్ళొద్దు, అవన్నీ ఎప్పుడో ఒక్కొక్కటీ వదిలేసుకున్నాను, ఆ చేప ఈ పువ్వులోకి వెళ్ళడం నా బిడ్డ చూడాలి, ఒక్కసారి. ఇంత చిన్న కోరిక కోరడానికి నేను ఎన్ని మెట్లు దిగానో నాకే తెలుసు. తొట్లలో పుట్టిన చేపలకి ఎనిమోన్ అంటే ఏంటో తెలియదట, కొన్ని నెలలపాటు దగ్గరికే వెళ్ళవట, కొన్ని చచ్చేదాకా వెళ్ళవట. అది వేరే భయం. ముందు ఇది రాయిని పట్టుకోవాలి.

గేటు చప్పుడు. చెప్పులు విడిచే తీరుని బట్టే మావయ్య అని తెలుస్తుంది, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ. చేతిలో లేత బొండాలు, లుంగీ అంచుకి చెరువు బురద. అత్తయ్య పోయాక ఆకివీడు దగ్గర చెరువుగట్టు మీదే ఉంటున్నాడు, రోజూ పొద్దున్నే బస్సెక్కి మనవరాలి మొహం చూసి వెళ్తాడు. పడుకుందా అని సైగ చేశాడు. తలూపాను. బకెట్లోకి వంగి చూశాడు, కళ్ళు చికిలించి.

"ఇదేనా అమ్మాయ్ ఇల్లు? ముష్టి దోసెడు లేదు."

"విచ్చుకుంటే పెద్దదవుతుంది మావయ్యా."

తొట్టి దగ్గరికి వెళ్ళి అద్దం మీద గోటితో చిన్నగా తట్టాడు. బంతి వచ్చింది, చామంతి వచ్చింది, ఆయన చేతి మేత వాటికి అలవాటు. మురిసిపోయాడు. నేను వేసవిలో పాపాయిని హైదరాబాదు తీసుకెళ్ళి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వీటిని చూసుకుంది ఈయనే కదా. వెళ్ళేముందు రోజు బంతి రెక్క మీద ఉప్పురవ్వలాంటి తెల్ల చుక్కలు చూశాను, చేపలకి అదో తెగులు, రెండూ పోతాయనే అనుకుని వెళ్ళాను, రైల్లో పాపాయికి ఏం చెప్పాలా అని ఆలోచించుకున్నాను కూడా. వచ్చేసరికి మచ్చ లేదు. నిగనిగలాడుతున్నాయి. ఎప్పుడో ఒక మంచి జరక్కూడదా మనకి అనుకుని దణ్ణం పెట్టుకున్నాను.

"ఎలా మెరుస్తున్నాయో చూడు," అన్నాడు మావయ్య నెమ్మదిగా, పాప లేవకుండా. "వేసవిలో అయిపోయాయనే అనుకున్నానమ్మాయ్. ఒళ్ళంతా పొక్కులు. తిండి మానేశాయి. ఇంక ఆగలేక చిటికెడు మైలుతుత్తం వేశాను. మన చెరువుకి వేసినట్టే. నాలుగు రోజులు పొద్దున్నే కాస్త, పొద్దున్నే కాస్త. దెబ్బకి రాలిపోయాయి."

నేను ఏం అన్నానో. మైలుతుత్తమా అన్నాననుకుంటాను.

"నీకు ఫోన్లో చెప్తే కంగారుపడతావని చెప్పలేదు. అక్కడ పిల్లతో అవస్థ పడుతున్నావు కదా. ఏం, చేపలు బానే ఉన్నాయిగా?"

బానే ఉన్నాయి. చేపలు బానే ఉన్నాయి మావయ్యా. మైలుతుత్తం, నీలంగా, పటికబెల్లం ముక్కల్లా, ప్రతి చెరువు షెడ్డులోనూ డబ్బాలో ఉంటుంది, నాచుకి అదే, పురుగుకి అదే, పొక్కులకి అదే, చిన్నప్పుడు ముట్టుకోబోతే ఇదే మావయ్య చెయ్యి మీద కొట్టాడు, విషం అమ్మడూ అని. మైలుతుత్తం అంటే రాగి. రాగి చేపకి మందు, వెన్నెముక లేని ప్రతి ప్రాణికీ చావు, ఇది కూడా చదివాను నేను, మార్కులు కూడా వచ్చాయి. నత్తలు. హైదరాబాదు నుంచి వచ్చాక తొట్టిలో నత్తలన్నీ ఒక్కొక్కటే బోర్లాపడ్డాయి, ఎండలకి పోయాయనుకున్నాను. చిన్న ఎర్ర రొయ్య పోయింది, వయసైపోయిందేమో అనుకున్నాను. తివాచీ ఎనిమోన్ పోయింది, రకం కుదరలేదనుకున్నాను, ఏ గడిలో టిక్కు ఉందో ఏ గడిలో లేదో కంఠతా పట్టాను. కాపర్ వాడారా మేడం. అబ్బే లేదండీ. నీళ్ళు మారిస్తే పోయేది కాదిది, ఎన్ని సార్లు మార్చలేదు నేను, రాళ్ళు తాగేస్తాయి రాగిని, అడుగు ఇసక తాగేస్తుంది, తాగింది కొంచెం కొంచెంగా నెలల తరబడి నీళ్ళలోకి వదులుతూనే ఉంటాయి, ఆ తొట్టిలో ఎనిమోన్ బతకాలంటే రాయీ ఇసకా అన్నీ పారేసి మళ్ళీ మొదలుపెట్టాలి, కొత్త రాళ్ళ మీద జీవం పట్టాలి, నెలలు పట్టాలి. నెలలు. నా దగ్గర నెలలెక్కడున్నాయి. చుక్క పడింది. ఇంకో చుక్క. గంటసేపట్నుంచీ నేను నా చేత్తో చుక్కచుక్కగా దాని మీద పోస్తున్నది అదే కదా, అలవాటు అవ్వాలని, ఓపిగ్గా, ప్రేమగా. చక్రం తిప్పేశాను. ఆగింది.

కేకెయ్యాలి. ఎవరి మీద. ఈయన మీదేనా, బొండాలు చెక్కడానికి కత్తి వెతుకుతున్న ఈ ముసలాయన మీదేనా, చేపలు చచ్చిపోతే పిల్ల ఏడుస్తుందని నాలుగు రోజులు పొద్దున్నే బస్సెక్కి వచ్చి చిటికెడు చిటికెడు వేసిన మనిషి మీదేనా. ఆ చెయ్యే. కొర్రమీనుల సంచీ పట్టుకొచ్చిన చెయ్యే. నా తల మీద అక్షింతలు వేసిన చెయ్యే. ఏం చేసినా మన మంచికే చేసింది ఆ చెయ్యి, మన చెరువుకి మంచిదైతే తొట్టికీ మంచిదే, మనింటికి మంచిదైతే పిల్లకీ మంచిదే, బయటి వాళ్ళని అడగాల్సిన పనేముంది, పట్టికలెందుకు, పొంతనలెందుకు, అంతా మన వాళ్ళమే కదా. గొంతు దాకా వచ్చింది. రెండో గీత కూడా వచ్చింది దాంతో పాటు, ఒకటి చెప్పడం మొదలుపెడితే రెండోది ఆగదు, నాకు తెలుసు. మింగేశాను. చేదుగా ఉంది, నిజంగానే నాలిక మీద చేదు.

తిరిగి పంపించెయ్యొచ్చు కిరణ్‌కి. ఇంకో రాత్రి రైల్లో ఇది బతకదు. బకెట్లోనే ఉంచొచ్చు కొత్త నీళ్ళు కలిపి, రెండు మూడు రోజులు ఉంటుందేమో, కానీ బకెట్లోకి తొంగి చూడాలంటే మెడ ఎత్తాలి, నా బిడ్డకి మెడ ఏది. ఇంకో అద్దాల తొట్టి ఈ పూట తెచ్చినా అప్పటికప్పుడు కలిపిన పచ్చి నీళ్ళలో బంతి మూలకి పోయి వణుకుతుంది తప్ప దీని దగ్గరికి రాదు. తొట్టిలో వేస్తే? చస్తుంది. ఇప్పుడే కాదు. మొదటిది రెండు రోజులుంది. ఇన్నిసార్లు నీళ్ళు మార్చాను కనక ఇదో రోజు ఎక్కువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇవాళ సాయంత్రం దాకా మాత్రం ఉంటుంది. ఏమీ తెలియని ప్రాణిని చావులో దించడమే ఇది, తెలిసి తెలిసి, పేరు తిప్పి చెప్పుకోవడానికి ఏం లేదు. నువ్వు ఏ సముద్రంలో ఏ రాయి మీద పుట్టావో, మా ఇంటికే రావాలా. నా కూతురూ అంతే, మా ఇంటికే వచ్చింది.

"అమ్మా." లేచింది. గొంతు దూదిలా ఉంది. "ఇల్లు వచ్చిందా?"

వచ్చిందన్నాను. మావయ్య బొండం పక్కన పడేసి వెళ్ళి దాన్ని ఎత్తుకున్నాడు, మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి, ఇన్నేళ్ళ అలవాటు, పూలసజ్జ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. అద్దం ముందు కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చేతులు మోచేతుల దాకా కడుక్కుని బకెట్లోంచి ఎనిమోన్‌ని పైకి తీశాను, చల్లగా, బరువుగా, జారిపోతూ, అరచేతిని వేళ్ళతో అంటుకుని వదలనంది, ఒక్కొక్కటే విడదీశాను. రాళ్ళ మధ్య గుంటలో కూర్చోబెట్టి పట్టుకున్నాను. పట్టుకోకు, దొర్లిపో, అప్పుడు నేను రకం కుదరలేదని చెప్పుకుంటాను. పట్టుకుంది. పాదం రాయికి అతుక్కోవడం నా వేళ్ళకి తెలిసింది. నీళ్ళలోంచి చెయ్యి తీశాను. కాసేపు ఏం లేదు, మోటారు చప్పుడు, పాపాయి ఊపిరి గురగుర. తర్వాత విచ్చుకుంది. కొంచెం. ఇంకొంచెం. వేళ్ళ చివర బుడగలు నిండాయి, నీళ్ళ ఊపుకి అన్నీ ఒక్కసారి అటు వాలి ఇటు వాలాయి, హా అంది నా బిడ్డ. బంతి మూలలోంచి వచ్చింది. చుట్టూ తిరిగింది. తోకతో తాకి పారిపోయింది. మళ్ళీ వచ్చింది. రాకు అనుకున్నానో రా అనుకున్నానో నాకు తెలీదు, రెండూ అనుకున్నాను. పొట్ట ఆనించి, రెక్క ఆనించి, ఎప్పట్నుంచో తెలిసిన చోటికి వెళ్ళినట్టు, వేళ్ళు పక్కకి తోసుకుంటూ లోపలికి వెళ్ళి మొహం మాత్రం బయటపెట్టి పడుకుంది. పాపాయి నవ్వింది. శబ్దం రాలేదు, ఒంట్లో ఆ బలం లేదు, కానీ కళ్ళూ ముక్కూ పెదాలూ అన్నీ నవ్వాయి. ఇంత అందంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నేను దీన్ని జీవితాంతం భరించాలి.

మావయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు, తుడుచుకోడానికి చేతులు ఖాళీ లేవు. "చూశావా అమ్మాయ్, ఎలా పట్టేసిందో. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, అందుకే. ఆ మందు పడ్డాకే నీళ్ళు తేటపడ్డాయి."

"అవును మావయ్యా," అన్నాను. "మీ చేతి చలవే."

"తాతా," అంది పాపాయి. "ఇల్లు ఇంక ఇక్కడే ఉంటుందా?"

"ఎక్కడికెళ్తుందే బంగారం? ఇంట్లో పిల్ల ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు మావయ్య, దాని నుదుటి మీద జుట్టు పెదాలతో పక్కకి నెట్టి.

అది కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. "అమ్మా, రేపు నన్ను పొద్దున్నే లేపు. చామంతి కూడా వెళ్తుంది, చూడాలి."

"లేపుతానమ్మా," అన్నాను.